మట్టి గోడ, ఎండ వెలుగు: పల్లెచదువుల కట్టడమును గూర్చి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



ఈ ఊరి గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఈ శుభసమయమున గ్రంథముల మహిమను ప్రస్తుతింపగల విద్వాంసులు వేదికపై పెక్కురు కలరు. ఈ ప్రసంగమునకు ఎన్నుకొనబడిన విషయము అంత ఉన్నతమైనది కాదు. పుస్తకమును, దానిని చదువు బిడ్డను నీడపట్టున ఉంచు నాలుగు గోడలు, ఒక కప్పు, ప్రొద్దు క్రుంకిన పిమ్మట వెలుగవలసిన ఒక దీపము: ఇంతమాత్రమే. అయినను వీనిని తక్కువగా తలంపరాదు. వైశాఖమాసపు మధ్యాహ్నమున గది పొయ్యివలె మండుచున్నచో ఎంత గొప్ప కావ్యమైనను చేతినుండి జాఱును. ఎంత సమర్థుడగు గురువు చెప్పిన పాఠమైనను చెవిదాక వచ్చి మనసునకు చేరక నిలిచిపోవును. నూతన పఠనమందిరము కట్టవలెనని సభ్యులు తలపెట్టియున్న ఈ తరుణమున ఈ విషయము తప్పక ఆలోచింపదగినది. పునాది తవ్వకముందు మార్చుకొనిన ఆలోచనకు ఖర్చు లేదు. గోడ లేచిన తరువాత మార్చుకొనిన ఆలోచనకు గోడంత ఖర్చు.

భారతమున సభాపర్వమునందు మయుడు ధర్మరాజునకు నిర్మించి యిచ్చిన సభ కలదు. అందు నేల నీరువలె తోచెను, నీరు నేలవలె తోచెను. చూచినవారెల్లరు విస్మయమందిరి. సుయోధనుడు మాత్రము నేలయనుకొని నీటిలో అడుగుపెట్టి తడిసి నవ్వులపాలయ్యెను. ఆ నవ్వు ఎచటిదాక పోయెనో ఎల్లరెఱిగినదే. చూపులకై కట్టిన కట్టడము చూపులనే మెప్పించును. అందు మసలవలసిన వానిని మాత్రము ఇబ్బందిపెట్టును. నేటి పల్లెలలోను ఇట్టి చిన్నచిన్న మయసభలు లేకపోలేదు. ప్రారంభోత్సవము నాడు క్రొత్త రంగు, నునుపైన నేల, పెద్ద అద్దాల కిటికీలు, ద్వారముపై పేర్ల ఫలకము కన్నులపండువుగా నుండును. చైత్రము వచ్చునప్పటికి కప్పు వేడెక్కి, పిల్లలు పలకలతోడ చెట్టుక్రిందికి నడచిపోవుదురు. లోపల కుర్చీలు చదువుకొనుచుండును.

కావున కట్టడము ఖరీదు ప్రారంభోత్సవము నాటి చిట్టాలో ముగియదు. ఆ నాడు వ్రాయునది మొదటి పుట మాత్రమే. తక్కిన పుటలు ఏటేటా వేసవి వ్రాయును, వాన వ్రాయును, కరెంటు బిల్లు వ్రాయును, మరమ్మతు వ్రాయును. చదువుల కట్టడమును తలపెట్టినవారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నడివేసవి మధ్యాహ్నమున లోపల కూర్చుండి చదువగలరా? కరెంటు పోయిన రాత్రి వెలుగు నిలుచునా? ఏదేని పాడైన నాడు ఊరివారే దానిని బాగుచేసికొనగలరా? ఈ మూటికి జవాబు దొరకిన కట్టడమే నిలుకడగల కట్టడము. ఈ మూడు ప్రశ్నలకు చేతలతో జవాబు చెప్పిన రెండు పల్లెల చరిత్రము ఇచట చెప్పదగియున్నది. ఒకటి సముద్రములకావల ఆఫ్రికాఖండములోనిది; రెండవది రాజస్థానములోనిది.

ఆఫ్రికాఖండపు పడమటి భాగమున బుర్కినా ఫాసో అను దేశము కలదు. పూర్వము దానిని ఎగువ వోల్టా అనుచుండిరి. 1984లో ఈ పేరు పెట్టుకొనిరి. నీతిమంతుల నేల అని దాని యర్థము. ఆ దేశపు రాజధానికి ఆగ్నేయముగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున గాండో అను చిన్న పల్లె ఉన్నది. ఎండలు 40 డిగ్రీలు దాటును. రెంటచింతల ఎండను, రామగుండము ఎండను ఎఱిగినవారికి దానిని వేఱుగా వర్ణింప నక్కఱలేదు.

ఆ పల్లె పెద్దకు 1965లో జన్మించిన కుమారుడు డియెబేదో ఫ్రాన్సిస్ కేరే. గాండోలో అప్పటికి బడి లేదు. ఏడేండ్ల ప్రాయమున ఆ బాలుడు ఇల్లు విడిచి, తెంకోడోగో అను పట్టణమునకు చదువునకై పోవలసివచ్చెను. అచటి తరగతిగదిలో నూరుమందికి పైగా పిల్లలు. గాలి ఆడదు, వెలుతురు చాలదు, వేడి మాత్రము చాలినంత యుండెను. ఆ గది అతని మనసున నాటుకొనిపోయెను.

సెలవులు ముగిసి ఆ బాలుడు తిరిగి బడికి పోవునపుడెల్ల ఇల్లిల్లు తిరిగి సెలవు తీసికొనుట ఆ ఊరి ఆచారము. పోయిన ప్రతి ఇంటను ఆడువారు కొంగుముడి విప్పి, తమకున్న చివరి నాణెమును అతని చేతిలో పెట్టుచుండిరట. తనపై వీరందఱికి ఇంత ప్రేమ ఏల యని అతడు తల్లినడిగెను. అది వట్టి ప్రేమ కాదనియు, నీ చదువునకై వారు వేయుచున్న చందా యనియు, నీవు వృద్ధిలోనికి వచ్చి ఒకనాడు ఊరికి మేలు చేయుదువను ఆశతో వేయుచున్నారనియు ఆమె చెప్పెను. ఈ వృత్తాంతమును పెద్దవాడైన పిమ్మట అతడే పలు సభలలో చెప్పియున్నాడు. ఆ నాణెములకు రసీదు లేదు, పద్దు లేదు. అయినను ఆ బాకీని అతడు మఱవలేదు.

1985లో వడ్రంగము నేర్చుకొనుటకు విద్యార్థివేతనము లభించి కేరే జర్మనీ దేశమునకు పోయెను. పగలు కొయ్యపని, రాత్రి చదువు. పిదప బెర్లిన్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయమున వాస్తుశిల్పవిద్యలో చేరెను. పట్టము చేతికి రాకముందే, విద్యార్థిగా నున్నపుడే, 1998లో మిత్రులతో కలసి గాండో బడికొఱకు ఒక సంఘమును స్థాపించి విరాళములు ప్రోగుచేసెను. 2001లో బడి పూర్తియయ్యెను. పట్టము వచ్చినది 2004లో. అనగా పరీక్షకన్న ముందు పని ముగిసినది.

అతడు ఊరికి వచ్చి, బడిని మట్టితో కట్టుదమని చెప్పినపుడు ఊరివారు దిగ్భ్రమ చెందిరి. మట్టి యిల్లు ఒక్క వానకాలమునకు కరగుట వారెఱుగుదురు. ఇన్నియేండ్లు దేశాంతరమున చదివి, పొలమున తమతో కలసి పాటుపడక, తుదకు ఇతడు నేర్చుకొని వచ్చినది మట్టిపనియా యని వారు నొచ్చుకొనిరి. వారి మాట తప్పని చెప్పుటకు వీలులేదు. వారు పడిన కష్టమే వారిచేత అట్లు పలికించెను. కేరే వాదింపలేదు. మట్టియిటుకలతో ఒక చిన్న కమాను కట్టి, దానిపైకి ఎక్కి గంతులువేసి చూపెను. కమాను చెక్కుచెదరలేదు. అప్పుడు ఊరివారు పారలు చేతబట్టిరి.

పిమ్మట జరిగిన పనిని వినుచున్నపుడు తెలుగువారికి సేతుబంధనము గుర్తునకు వచ్చును. రంగనాథ రామాయణమున వారధికి తనవంతు ఇసుక తెచ్చిన ఉడుత కలదు. గాండోలో పిల్లలు పునాదికి రాళ్లు మోసిరి. ఆడువారు దూరమునుండి నీరు తెచ్చిరి. నేలను తమ పూర్వాచారము చొప్పున వరుసగా నిలిచి దిమ్మిసకొట్టి నున్నగావించిరి. మగవారు ఇటుకలు ఒత్తిరి. ఆ ఇటుకలు కాల్చినవి కావు. ఊరి మట్టిని జల్లించి, అందు కొద్దిపాలు సిమెంటు కలిపి, చేతితో నడుపు యంత్రమున గట్టిగా నొత్తి, ఆరబెట్టినవి. క్రింద రాతి పునాది, పైన వెడల్పైన చూరు. వాన గోడకు తగులదు. నేలతేమ గోడకు ఎక్కదు. మట్టిగోడకు నీరు శత్రువు. ఆ శత్రువును దరిజేరనీయనిచో మట్టి తరతరములు నిలుచును.

ఇక కప్పు. ఆ బడి విశేషమంతయు కప్పులోనే ఉన్నది. ఇనుపరేకులు వేసిన గదిలో మధ్యాహ్నము కూర్చుండినవారికి ఆ రేకుల స్వభావము తెలియును. ఎండకు రేకు కాలును, కాలిన రేకు ఆ వేడిని తిన్నగా నెత్తిపైకి దించును. కేరే రేకులను విడువలేదు. వానకు రేకు మంచిదే. కాని వానిని గదినుండి విడదీసెను. గదిపై మట్టియిటుకలతోనే ఒక లోకప్పు వేసి, అందు గాలి పోవుటకు సందులుంచెను. ఆ పైన ఇనుపకడ్డీల జల్లెడదూలములు నిలిపి, వానిపై రేకులను ఎత్తుగా, గోడలను దాటి బయటికి వచ్చునట్లు పఱచెను. రెండు కప్పుల నడుమ గాలి యథేచ్ఛగా వీచును. రేకు ఎంత కాలినను ఆ వేడిని గాలి తీసికొనిపోవును. గదిలోని వేడిగాలి తేలికయై పైకి లేచి సందులగుండ వెలికిపోవును. దాని స్థానమున కిటికీలనుండి చల్లనిగాలి లోనికి వచ్చును. కరెంటు లేదు, పంకా లేదు. అయినను గాలి ఆడుచునే యుండును.

ఇది తెలుగువారికి బొత్తిగా క్రొత్తది కాదు. పెంకుటింటికి అటక ఏల వేసిరి? సామానులకు మాత్రమే కాదు. పెంకు వేడికిని గదికిని నడుమ అది అడ్డు. చూరు ఏల దించిరి? గోడకు వానయు ఎండయు తగులకుండుటకు. పూర్వులు లెక్కలు వ్రాసిపెట్టలేదు గాని లెక్క తెలియనివారు కారు. ఆ లెక్కనే కేరే క్రొత్త వస్తువులతో తిరిగి వేసెను.

కడ్డీలను దూలములుగా ఏల చేసెనన్నచో, ఆ ఊరికి పెద్ద దూలములు తేగల లారీదారి లేదు, ఎత్తగల యంత్రము లేదు. కాంక్రీటులో వాడు సామాన్యపు కడ్డీలైనచో మనుష్యులు మోయగలరు. చేతిఱంపముతో కోయుట, చిన్న యంత్రముతో అతుకుట ఊరి యువకులకు నేర్పిన చాలును. నేర్పెను, వారు నేర్చిరి. ఇచట గమనింపదగినది ఒకటి కలదు. పని నేర్చిన చేతులు పని ముగిసిన తరువాతను ఊరిలోనే ఉండును. అటుపిమ్మట ఆ పనివారికి ఇతర స్థలములలోను పని దొరకెను. ఇరుగుపొరుగు పల్లెలు రెండు అదే పద్ధతిని అనుసరించి తమ బడులను తామే కట్టుకొనెను.

మూడు గదులతో, నూటయిరువదిమంది పిల్లలతో మొదలైన ఆ బడి క్రమముగా పెరిగి ఏడువందలమందికి చదువు చెప్పునంతటిదయ్యెను. 2004లో ఆ కట్టడమునకు ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారము లభించెను. 2022లో వాస్తుశిల్పులకు పరమావధిగా నెంచబడు ప్రిట్జ్‌కర్ బహుమానము కేరేను వరించెను. ఆఫ్రికాఖండమున పుట్టినవారిలో దానిని పొందిన మొదటివాడతడే.

గ్రంథాలయ రజతోత్సవమున చెప్పవలసిన ముచ్చట మఱియొకటి కలదు. ఆ బడిని ఆనుకొని గ్రంథాలయమునకై ఒక కట్టడమును కేరే తలపెట్టెను. దాని కప్పులోనికి వెలుతురు ఎట్లు తెచ్చుట? అద్దములు దొరకవు, దొరకినను వేడి తెచ్చును. ఊరి ఆడువారు ఇండ్లలో వాడు మట్టికుండలను తెచ్చి యిచ్చిరి. వాని అడుగును మూతియు కోసి, కప్పు పోయునపుడు కాంక్రీటులో నాటిరి. కుండ యున్నచోటెల్ల ఒక గుండ్రని రంధ్రము. అందుండి వెలుగు దిగును, వేడిగాలి పైకి పోవును. నీరు చల్లబఱచిన కుండయే గదిని చల్లబఱచెను. కుమ్మరి చేతిపని సరస్వతికి పైకప్పయ్యెను.

మొదటి ప్రశ్నకును, మూడవ ప్రశ్నలో సగమునకును గాండో చెప్పిన జవాబు ఇది. రెండవ ప్రశ్న, అనగా వెలుగు ప్రశ్న, మిగిలియున్నది. దానికి రాజస్థానమున అజ్మీరు జిల్లాలోని తిలోనియా పల్లెకు పోవలెను.

తిలోనియాలో 1972లో బంకర్ రాయ్ మొదలగువారు ఒక సంస్థను నెలకొల్పిరి. చదువురాని పల్లెవారి నేర్పును నమ్ముకొనిన సంస్థ అది. ఆ ప్రాంతమున పిల్లలు పగలు మేకలను, పశువులను కాయవలెను. బడికి పోవుటకు తీఱిక లేదు. కావున వారికొఱకు రాత్రిబడులు పెట్టిరి. రాత్రిబడికి దీపము కావలెను. కిరసనాయిలు దీపపు పొగలో కండ్లు మండును, అక్షరము కనబడదు. ఎండ విస్తారముగా గల ఆ దేశమున ఎండనే దీపముగా మార్చుకొనిరి. సంస్థ ఆవరణమున కప్పుపై పడిన వాననీటిని నేలక్రింది తొట్టెలలో నిలువచేసికొనిరి. దీపములను ఎండశక్తితో నడపుకొనిరి. ఆ కట్టడములను కట్టిన మేస్త్రీలలో పెక్కురు అక్షరము రానివారే.

అంతకన్న విశేషము దీపములను బాగుచేయువారిని గూర్చినది. ఎండశక్తి పరికరములను అమర్చుట, మరమ్మతు చేయుట ఎవరికి నేర్పవలెను? చదువుకొనిన యువకునికి నేర్పినచో, ధ్రువపత్రము చేతబట్టుకొని పట్టణమునకు పోవును. కావున వారు పల్లెలలోని నడివయసు స్త్రీలను, అవ్వలను ఎన్నుకొనిరి. ఊరు విడిచి పోనివారు వారే. భాష రానివారికి సైగలతోను, భాగములకు పూసిన రంగులతోను పని నేర్పిరి. భారతదేశపు పల్లెలనుండియే గాక ఆఫ్రికా మొదలగు ఖండములనుండియు స్త్రీలు వచ్చి, ఆరునెలలు నేర్చుకొని, తమ ఊళ్లకు పోయి దీపములు వెలిగించిరి. అక్షరము రాని అవ్వ మనుమల అక్షరములకు దీపము పట్టినది. ఊరివారు కిరసనాయిలునకు వెచ్చించు దానికి దగ్గరగా నెలనెలా కొంత చెల్లించునట్లును, ఆ సొమ్ము ఊరి సంఘము చేతిలోనుండి మరమ్మతునకు వినియోగపడునట్లును ఏర్పాటు చేసిరి. దీపముతోపాటు పద్దును కూడ వెలిగించిరన్నమాట.

ఇక ఎండశక్తిని గూర్చి కొంత వివరము. సోలారు పలకలోని సిలికాను రేకులపై ఎండ పడినపుడు అందు కరెంటు పుట్టును. అందు కదలు భాగము లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. పగలు పుట్టినదానిని బ్యాటరీలో నిలువచేసి రాత్రి వాడుకొనవచ్చును. భారతమునందే దీనికి సరియైన పోలిక కలదు. అరణ్యవాసమున ధర్మరాజు సూర్యుని ఉపాసించి అక్షయపాత్రను పొందెను. అడిగినంత అన్నము అందు పుట్టును. కాని దానికొక కట్టుబాటు కలదు: ద్రౌపది భుజించిన పిమ్మట ఆనాటికి అది వట్టిపాత్రయే, తిరిగి మఱునాడే నిండును. ఆ కట్టుబాటు వేళకే గదా దూర్వాసుడు శిష్యులతో వచ్చి నిలిచెను! సూర్యుడిచ్చిన బ్యాటరీ కూడ అట్టిదే. సాయంకాలమే దానిని ఖాళీచేసికొనిన వానికి, పరీక్షలకు చదువుకొను పిల్లలు వచ్చిన రాత్రి దూర్వాసుడు వచ్చినట్లే.

కావున ముందు ఖర్చు తగ్గించుకొని, తరువాత రాబడి చూచుకొనవలెను. ఒక పఠనమందిరమున నాలుగు దీపములు, రెండు పంకాలు కావలెననుకొందురు గాక. పాతకాలపు 40 వాట్ల గొట్టపు దీపములు నాలుగు, 75 వాట్ల పంకాలు రెండు పెట్టినచో మొత్తము 310 వాట్లు. ఐదు గంటలకు ఒకటిన్నర యూనిట్లకు పైన. వాని స్థానమున 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు నాలుగు, 30 వాట్ల క్రొత్తరకపు పంకాలు రెండు పెట్టినచో 96 వాట్లు. ఐదు గంటలకు సుమారు అర యూనిట్. గాలి అదే, వెలుగు మాత్రము తగ్గును. ఖర్చు మూడవ వంతునకు దిగినది. 200 వాట్ల పలక ఒక్కటి నిర్మలమైన దినమున ఈ అర యూనిట్‌ను ఇచ్చి, కొంత మిగులును చూపగలదు. గది చల్లగా కట్టినచో పంకాల అక్కఱయు తగ్గును. అందువలననే గోడను గూర్చి ముందు చెప్పి, దీపమును గూర్చి తరువాత చెప్పుట జరిగినది. వేడిగదికి సోలారు పలకలు పేర్చుట చిల్లికుండకు నీళ్లు మోయుటయే.

ఇంకొక లెక్క రజతోత్సవమునకు తగియున్నది. మంచి సోలారు పలక 25 ఏండ్లు పనిచేయును. అప్పటికి శక్తి కొంత తగ్గునే గాని చావదు. అనగా నేడు అమర్చిన పలకను ఈ గ్రంథాలయపు స్వర్ణోత్సవమున కూడ చూడవచ్చును. కాని దాని క్రిందనుండు సీసపు బ్యాటరీ, జాగ్రత్తగా చూచుకొనినను, నాలుగైదేండ్లకు మించి నిలువదు. ఆ నడుమ ఐదారు సార్లు బ్యాటరీ మార్చవలసియుండును. పల్లెలలో మూలబడిన సోలారు దీపములను పరిశీలించినచో పెక్కింట పలక చెడిపోయియుండదు. బ్యాటరీ పోయియుండును, దానికై ఎవరును పైసా కూడబెట్టి యుండరు. పలకపై దుమ్ము తుడిచినవారుండరు, బ్యాటరీలో శుద్ధజలము పోసినవారుండరు, ఎదిగిన వేపకొమ్మ నీడ పలకపై పడుచున్నదని చూచినవారుండరు. దోషము సూర్యునిది కాదు, చిట్టాది. బ్యాటరీ వెలను అఱువది భాగములు చేసి, నెలకొక భాగము చొప్పున వేఱుగా జమకట్టినచో ఐదేండ్లకు క్రొత్త బ్యాటరీ తనంతట వచ్చును. ఈ చిన్న పద్దు లేని పెద్ద దానము ఐదవ యేట చీకటి.

మట్టి కట్టడమును గూర్చి కొన్ని సందేహములు కలుగవచ్చును. సిమెంటును బొత్తిగా మానవలెనా? అక్కఱలేదు, గాండోలోను మానలేదు. అక్కఱయైనచోట అక్కఱయైనంత వాడిరి. సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి సిమెంటు చేయుదురు. ఆ కాల్పులో ఇంధనమునుండియు, రాతినుండియు బొగ్గుపులుసు గాలి వెలువడును. లోకమున మనుష్యుల పనులవలన వెలువడు ఆ గాలిలో నూటికి ఏడెనిమిది పాళ్లు సిమెంటువలననే యని శాస్త్రజ్ఞుల లెక్క. ఎండలు ముదురుటకు కారణమైనదానితోనే ఎండకు ఓర్వలేని గదులు కట్టుట తెలివియగునా?

ప్రతి మట్టియు పనికివచ్చునా? రాదు. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు బీటలువాఱును. అది పైరునకు తల్లి, గోడకు కాదు. ఇసుకపాలు తగినంత గల ఎఱ్ఱమట్టి మేలు. మట్టిని పరీక్షించి, పాళ్లు కుదిర్చి, ఒత్తిన ఇటుకను కొన్ని వారములు తడిపి నీడను ఉంచవలెను. ఓపిక లేనివాడు ఈ పనికి పూనుకొనరాదు. ఇట్టి ఇటుకలను గూర్చి దక్షిణదేశముననే గొప్ప కృషి జరిగినది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థలో 1974లో పల్లెలకు తగిన సాంకేతికవిద్యకై ఆస్ట్ర అను విభాగమును స్థాపించి, చేతితో నొక్కు మట్టియిటుకల యంత్రమును రూపొందించిరి. కావున మేస్త్రీలకు ఈ పని నేర్పించుటకు సముద్రములు దాటనక్కఱలేదు.

ఇప్పటికే స్లాబు వేసి కట్టిన బడులు, గ్రంథాలయములు ఏమి కావలెను? వానిని పడగొట్టవలెనని ఎవరును చెప్పరు. మేడపై తెల్లని సున్నపుపూత వేసినచో ఎండలో పెద్దభాగమును అది తిరుగగొట్టును. తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పులను ప్రోత్సహించుటకై 2023లో ఒక విధానమునే ప్రకటించినది. పడమటి గోడకు నీడగా రెండు చెట్లు, గోడ పైభాగమున వేడిగాలి పోవుటకు రంధ్రములు, కిటికీలపై చూరు: ఇవి కొద్ది ఖర్చుతో అయ్యెడు పనులు. క్రొత్తది కట్టువారు కిటికీలను ఎదురెదురుగా పెట్టి, పొడుగు గోడలను ఉత్తర దక్షిణములకు త్రిప్పి, తూర్పు పడమరల ఎండకు పొట్టి గోడలను మాత్రమే చూపినచో సగము వేడి గడపవద్దనే నిలిచిపోవును.

ఇంతయు చెప్పుటకు కారణమైన మాట ఒక్కటే. పల్లెచదువుల కట్టడమును నిలుపునది దాత ఇచ్చిన ధనము మాత్రమే కాదు. దానిని కట్టుట నేర్చిన ఊరి చేతులు, దానిని కాచుకొను ఊరి పద్దు. గాండోలో దూరదేశపు విరాళము లేకపోలేదు. కాని ఆ విరాళముతో పనివారిని కొనితేలేదు, పనిని నేర్పించిరి. తిలోనియాలో దీపములను పంచి ఊరకుండలేదు, దీపమును విప్పి బిగింపగల చేతులను తయారుచేసిరి. దాత వెడలిపోవును, అధికారి బదిలీయగును, కంట్రాక్టరు బిల్లు తీసికొని పోవును. ఊరు మాత్రము ఉండును. కప్పు కారినపుడు తలెత్తి చూచునది ఊరే.

కావున నూతన పఠనమందిరపు పథకము సభ్యులయెదుటికి వచ్చిన నాడు, ముఖభాగపు అందమును గూర్చి అడుగుటకు ముందు ఆ మూడు ప్రశ్నలను అడుగుదురు గాక. అంచనా కాగితమున ఇటుకలకు, ఇనుమునకు, కూలికి చూపిన పద్దులతోపాటు, ఊరి యువకులకును స్త్రీలకును పని నేర్పుటకు ఒక పద్దు, బ్యాటరీ మార్పునకు నెలవారీ పద్దు ఒకటి చేర్పింతురు గాక. ఆ రెండు పద్దులు లేని అంచనా ఎంత పొడుగైనను సగమే.

గాండోలో ఆడువారు ఒక బాలుని చేతిలో నాణెములు పెట్టినపుడు బడిని చూచి పెట్టలేదు. వారిలో కొందఱు ఆ బడిని చూచియే యుండకపోవచ్చును. అయినను పెట్టిరి. ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్ల క్రితము మొదటి చందా వేసినవారు కూడ ఈనాటి సభను చూచి వేయలేదు. ఇక ముందు వరుసలో చాపపై కూర్చున్న ఈ చిన్నవారు స్వర్ణోత్సవము నాటికి పెద్దవారై, తమ బిడ్డల చేయిపట్టుకొని ఆ మందిరమున అడుగుపెట్టుదురు. ఆ నాడు వేసవి మధ్యాహ్నమైనను లోపల చల్లగా నుండవలెను. రాత్రియైనచో దీపము వెలుగుచుండవలెను. ఆ దీపమును బాగుచేయువారు వారిలోనే యుండవలెను. అట్టి మందిరమునకు పునాదిరాయి మోయు భాగ్యము ఈ ఊరివారికి కలుగుగాక!

స్వస్తి.